లక్ష రూపాయల డాక్‌లో చెవికి అందేదెంత?

జూబ్లీహిల్స్‌లోనో బంజారాహిల్స్‌లోనో ఒక ఏసీ డెమో గది. బల్ల మీద రెండు డాక్‌లు, అంటే పాటలోని అంకెలను ధ్వని సిగ్నల్‌గా మార్చే పెట్టెలు. ఒకటి పన్నెండు వేలది, ఇంకోటి లక్షా ఇరవై వేలది. పాట ఒకటే, స్పీకర్లూ అవే. సేల్స్ అబ్బాయి రిమోట్ నొక్కి ఖరీదైనదానికి మార్చగానే గొంతు ముందుకొచ్చినట్టు, తబలా దెబ్బకు బరువు పెరిగినట్టు ఉంటుంది. "తేడా తెలుస్తోందా సార్?" అంటాడు. తెలుస్తుంది, అందులో అబద్ధమేమీ లేదు. కానీ వెనకవైపు, ఎరుపు, తెలుపు తీగలు దూర్చే ఆర్‌సీఏ సాకెట్‌లో మల్టీమీటర్ పెడితే మొదటి పెట్టె 2 వోల్టులు, రెండోది 2.3 వోల్టులు ఇస్తుండొచ్చు. ఈ 0.3 వోల్టు 1.2 డెసిబెల్‌కి సమానం. ఇంత చిన్న తేడా వచ్చినప్పుడు చెవి "సౌండ్ పెరిగింది" అనుకోదు, "బాగుంది" అనుకుంటుంది.

దీనికి కారణం చెవిలోనే ఉంది. సౌండ్ తగ్గేకొద్దీ బేస్ మనకు మరీ తక్కువగా వినిపిస్తుంది, అంచుల్లోని సన్నని ధ్వనులూ వెనక్కి పోతాయి. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని గ్రాఫులుగా గీశారు. అందుకే కాస్త ఎక్కువ వోల్టేజీ ఇచ్చే పెట్టె నిండుగా, వివరంగా ఉన్నట్టు తోస్తుంది. మూడు పిన్నుల బ్యాలెన్స్‌డ్ ఎక్స్‌ఎల్ఆర్ సాకెట్ల నుంచి తీసుకుంటే మామూలుగా 4 వోల్టులు వస్తాయి. అంటే నేరుగా 6 డెసిబెల్ ఎక్కువ. "బ్యాలెన్స్‌డ్‌లో వింటే వేరే లోకం" అనే మాటలో సగానికి పైగా ఈ 6 డెసిబెల్‌దే.

డాక్‌ల ధరలకీ ధ్వనికీ ఉన్న సంబంధం గురించి ఏం చెప్పాలన్నా ముందు వాల్యూమ్ సమానం చేయాలి. చేశాక చాలా జతల మధ్య తేడా మాయమవుతుంది. అప్పటికీ మిగిలితే దానికి పేరు పెట్టగలిగిన కారణం ఒకటి ఉంటుంది. ఆ కారణం ధర చీటీ మీద కనిపించదు.

ఎంత శుభ్రంగా ఉంటే చాలు

డాక్ పని సూటిగా చెప్పాలంటే అంకెల వరుసను వోల్టేజీగా మార్చడం. సీడీ నాణ్యతలో సెకనుకు 44,100 అంకెలు, ఒక్కో అంకెకు 16 బిట్లు, అంటే 65,536 మెట్లు. 16 బిట్లతో అతి పెద్ద ధ్వనికీ అడుగున ఉండే రొదకీ మధ్య దాదాపు 98 డెసిబెల్ దూరం దొరుకుతుంది. డాక్ తనవైపు నుంచి ఎంత రొద, ఎంత వక్రీకరణ కలుపుతోందో ఒకే అంకెగా చెప్పేది సైనాడ్. సైనాడ్ 100 డెసిబెల్ అంటే చెత్త లక్షలో ఒక వంతు. 120 అంటే పది లక్షల్లో ఒక వంతు. ఆపిల్ అమ్మే సుమారు వెయ్యి రూపాయల టైప్-సీ హెడ్‌ఫోన్ డాంగిల్ కొలతల్లో 100కి దగ్గరగా నిలుస్తుంది. పది, పదిహేను వేల బల్ల మీది డాక్‌లు 110 నుంచి 120 దాకా పోతున్నాయి. లక్షలు పలికే కొన్ని పెట్టెలు, ముఖ్యంగా వాక్యూమ్ ట్యూబులు పెట్టినవి, 80 కూడా దాటవు.

ఇప్పుడు ఆ అంకెల్ని మన గదిలోకి తెద్దాం. రాత్రి పదకొండు గంటలకు కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ బెడ్‌రూమ్, సీలింగ్ ఫ్యాన్ మూడు మీద తిరుగుతోంది. గదిలో రొద 40 డెసిబెల్ దగ్గర ఉంటుంది. పాట బాగా గట్టిగా పెట్టి శిఖరాలు 95 దాకా పోనిచ్చినా మిగిలే ఖాళీ 55 డెసిబెలే. సైనాడ్ 100 ఉన్న డాక్ కలిపే చెత్త ఆ 95 నుంచి 100 కిందికి, అంటే మైనస్ 5 డెసిబెల్ దగ్గర ఉంటుంది. అది మనిషి చెవి వినగలిగే హద్దుకే కింద, ఫ్యాన్ రొదకు 45 డెసిబెల్ కింద. 120 ఉన్న డాక్ ఆ చెత్తను మైనస్ 25కి దించుతుంది. ఇంజనీరింగ్‌గా అది గొప్ప పనే, వినడానికి మాత్రం ఒరిగేదేమీ లేదు. ఘంటసాల కాలం నాటి పాటలు వింటుంటే, అసలు టేపులోనే ఉన్న సరసర ఏ మంచి డాక్ రొద కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

చెవిలో దూర్చుకునే ఇయర్‌ఫోన్ల విషయం కొంచెం వేరు. బయటి రొదను అవి ఆపేస్తాయి, కొద్దిపాటి వోల్టేజీకే గట్టిగా మోగుతాయి. డాక్‌తో కలిసి వచ్చే హెడ్‌ఫోన్ ఆంప్ (ఆంప్లిఫయర్) రొద ఎక్కువైతే పాటకీ పాటకీ మధ్య సన్నని హిస్స్ వినిపిస్తుంది. ఇక్కడ తేడా నిజమే. కానీ పెద్ద హెడ్‌ఫోన్ల కోసం కట్టిన ఖరీదైన శక్తిమంతమైన పెట్టెలే ఇందులో తరచూ ఓడిపోతాయి.

తూకం రాళ్లు, గిద్దె కొలత

ఖరీదైన డాక్‌ల ప్రకటనల్లో ఎక్కువగా కనిపించే మాట ఆర్‌టూఆర్. అంటే రెసిస్టర్ల నిచ్చెన. కిరాణా కొట్టు తక్కెడ గుర్తు తెచ్చుకోండి. ఒక్కో బిట్‌కి ఒక తూకం రాయి. రాళ్లు 1 గ్రాము, 2, 4, 8 అలా రెట్టింపవుతూ పోతే పదహారో రాయి 32 కిలోల 768 గ్రాములు. ఈ పదహారు రాళ్లతో ఒక గ్రాము నుంచి 65 కిలోల 535 గ్రాముల దాకా ఏ బరువైనా తూయొచ్చు. చిక్కంతా పెద్ద రాయితోనే. అది 0.01 శాతం తప్పినా 3 గ్రాములకు పైగా తేడా వస్తుంది. అప్పుడు 1, 2 గ్రాముల చిన్న రాళ్లు ఎంత కచ్చితంగా ఉన్నా దండగే. 0.01 శాతం రెసిస్టర్లు ఖరీదైన సరుకు, అవి కూడా పదమూడు బిట్ల కచ్చితత్వం దగ్గరే ఆగిపోతాయి. వేడికి రెసిస్టర్లన్నీ ఒకేలా మారితే ఫరవాలేదు, ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ మారితే తూకం మళ్లీ తప్పుతుంది. అందుకే ఇలాంటి పెట్టెల్లో కొన్ని రెసిస్టర్లను ఒక్కొక్కటిగా కొలిచి ఏరుతారు, కొన్ని తప్పును సాఫ్ట్‌వేర్‌తో సరిచేస్తాయి. ధర పెరిగేది ఈ చాకిరీ వల్ల.

డెల్టా-సిగ్మా అనే రెండో పద్ధతి దారి వేరు. పెద్ద రాళ్లే లేవు, చేతిలో చిన్న గిద్దె ఒకటే ఉంది. కానీ సెకనుకు లక్షల సార్లు కొలుస్తారు. ఈసారి కాస్త ఎక్కువ పడితే ఆ తప్పును గుర్తుపెట్టుకుని తర్వాతి కొలతలో తగ్గిస్తారు. ఒక్కో కొలత మోటుగానే ఉంటుంది, సగటు మాత్రం అతి కచ్చితం. ఆ మోటుదనం వల్ల పుట్టే రొదను చెవికి అందని ఎత్తైన ఫ్రీక్వెన్సీల్లోకి నెట్టి, చివర్లో ఫిల్టర్‌తో కత్తిరిస్తారు. ఈ లెక్కంతా చిప్‌లోనే జరిగిపోతుంది కాబట్టి, కొన్ని వందల రూపాయల చిప్‌తో ఆర్‌టూఆర్ నిచ్చెన అందుకోలేని కొలతలు వస్తాయి. ఈరోజు ఫోన్లలో, టీవీల్లో, దాదాపు అన్ని డాక్‌లలో ఉన్నది ఇదే.

"ఆర్‌టూఆర్ సహజంగా వినిపిస్తుంది" అనేవాళ్లు గాలిలో మాట అనడం లేదు. కాకపోతే వాళ్లు వింటున్నది చాలాసార్లు నిచ్చెనను కాదు, ఫిల్టర్ లేకపోవడాన్ని. ఈ పెట్టెల్లో చాలా వాటికి ఎన్‌ఓఎస్ అనే మోడ్ ఉంటుంది. అందులో ఓవర్‌శాంప్లింగ్ చేయకుండా, అంటే అంకెల మధ్య కొత్త అంకెలు లెక్కగట్టి నింపకుండా, ఒక్కో అంకెను తర్వాతిది వచ్చేదాకా అలాగే పట్టుకుని ఉంచుతారు. సీడీ రేటులో అలా చేస్తే 10 కిలోహెర్ట్జ్ దగ్గర 0.75 డెసిబెల్, 20 కిలోహెర్ట్జ్ దగ్గర 3.2 డెసిబెల్ తగ్గుతాయి. తాళాల మెరుపు, 'స'కారాల పదును కాస్త మొద్దుబారతాయి. పదునుగా మాస్టర్ చేసిన కొత్త పాటలకు అది హాయిగా ఉండొచ్చు. ఆ హాయి కావాలంటే ప్లేయర్‌లోని ఈక్వలైజర్‌లో 8 కిలోహెర్ట్జ్ పైన ఒక డెసిబెల్ దించితే చాలా వరకు వచ్చేస్తుంది. ఖర్చు సున్నా.

మామూలు డాక్‌లలో ఫిల్టర్ల మెనూ ఉంటుంది: షార్ప్, స్లో, మినిమమ్ ఫేజ్ వగైరా. షార్ప్ అన్నది 20 కిలోహెర్ట్జ్ దాకా చదునుగా ఉంటుంది. స్లో రకాలు పైభాగంలో కొద్దిగా వంగుతాయి. నలభై దాటినవాళ్లలో చాలామందికి 15 కిలోహెర్ట్జ్ పైన వినపడదు కాబట్టి షార్ప్ మీద పెట్టి మర్చిపోవచ్చు.

చిప్ పేరు చూసి కొనడం గురించి కూడా ఒక మాట. 2020 అక్టోబర్‌లో జపాన్‌లోని నొబెయోకాలో, డాక్ చిప్పులు చేసే ఏకేఎం కంపెనీ ఫ్యాక్టరీ తగలబడింది. సరఫరా ఆగిపోవడంతో చాలా కంపెనీలు తమ మోడళ్లను ఈఎస్ఎస్ వంటి వేరే చిప్పులతో మళ్లీ డిజైన్ చేసి అమ్మాయి. 'ఏకేఎం అంటే మెత్తదనం, ఈఎస్ఎస్ అంటే పదును' అని ఏళ్ల తరబడి నడిచిన వాదానికి అది మంచి పరీక్ష అయ్యుండాలి, కానీ చిప్ మారిందని తెలిసి వినడం వేరు, తెలియకుండా వినడం వేరు. చిప్ చుట్టూ ఉన్న పవర్ సప్లై, అవుట్‌పుట్ ఆంప్, బోర్డు గీతలు సరిగ్గా ఉంటే రెండూ చెవి హద్దుకు చాలా కిందే తప్పు చేస్తాయి.

జిట్టర్ గురించి, అంటే అంకెలకు తాళం వేసే గడియారం తడబాటు గురించి, పెద్దగా భయపడనక్కర్లేదు. గడియారం తడబాటు 1 నానోసెకను ఉంటే 10 కిలోహెర్ట్జ్ స్వరం మీద పుట్టే చెత్త మైనస్ 84 డెసిబెల్, 100 పికోసెకన్లయితే మైనస్ 104. బెంజమిన్, గానన్ 1998లో చేసిన పరీక్షల్లో, జిట్టర్ ఇట్టే బయటపడే స్వరాలతో కూడా వినగలిగిన కనీసం 10 నానోసెకన్ల చుట్టుపక్కల తేలింది. సంగీతంలో అంతకన్నా ఎక్కువే కావాలి. ఎసింక్రనస్ యూఎస్‌బీ వచ్చాక డాక్ తన సొంత గడియారం మీదే నడుస్తుంది, కంప్యూటర్ గడియారంతో పని లేదు. ఆరు వేలు పెట్టి కొనే 'ఆడియోఫైల్' యూఎస్‌బీ కేబుల్ ఈ విషయంలో చేయగలిగింది ఏమీ లేదు.

కళ్లు మూసుకుని వింటే

2007లో బోస్టన్‌లో మేయర్, మోరాన్ అనే ఇద్దరు ఒక తిన్నని పరీక్ష పెట్టారు. సీడీ కన్నా మేలైన నాణ్యత గల హై-రిజొల్యూషన్ డిస్కుల ధ్వనిని ఒకసారి నేరుగా, ఇంకోసారి మధ్యలో 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ గుండా పోనిచ్చి వినిపించారు. అంటే అదనంగా ఒక ఏడీసీ (వోల్టేజీని అంకెలుగా మార్చేది), ఒక డాక్ దారిలో కూర్చున్నాయన్నమాట. 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు 276. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. పాట లేని చోట వాల్యూమ్ విపరీతంగా పెంచినప్పుడు మాత్రమే 16 బిట్ రొద పట్టుబడింది. రెండో వైపు వాదన కూడా చెప్పాలి. 2016లో జాషువా రైస్ 18 ప్రయోగాల ఫలితాలను కలిపి చూస్తే 12,500కి పైగా ప్రయత్నాల్లో 52.3 శాతం సరైన జవాబులు వచ్చాయి. శిక్షణ పొందినవాళ్లలో అది ఇంకాస్త ఎక్కువ. అంటే హై-రిజొల్యూషన్‌కీ సీడీకీ మధ్య ఏదో ఒక చిన్న ఆనవాలు కొందరికి కొన్నిసార్లు అందుతుండొచ్చు. నూటికి యాభై రెండు. డెమో గదిలో "పరదా తీసేసినట్టు" అన్న తేడా ఇది కాదు.

అసలు తేడాలు పుట్టేది ఇక్కడ

మొదటిది అవుట్‌పుట్ ఇంపీడెన్స్, అంటే పెట్టె తన అవుట్‌పుట్ దగ్గర కరెంటుకి కలిగించే అడ్డు. ఇయర్‌ఫోన్‌లో ధ్వని పుట్టించే చిన్న డ్రైవర్లు రెండు మూడుంటే దాని ఇంపీడెన్స్ ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర 8 ఓమ్‌లు, ఇంకో చోట 40 ఓమ్‌లు ఉండొచ్చు. దాన్ని 10 ఓమ్‌ల అవుట్‌పుట్ ఉన్న పెట్టెకు తగిలిస్తే 8 ఓమ్‌ల చోట 7 డెసిబెల్, 40 ఓమ్‌ల చోట 2 డెసిబెల్ తగ్గుతుంది. రెండింటి మధ్య 5 డెసిబెల్ వంకర. ఈ తేడాను ఎవరైనా వింటారు, అమ్మమ్మ కూడా. అదే ఇయర్‌ఫోన్ 1 ఓమ్ అవుట్‌పుట్‌కి తగిలిస్తే వంకర 0.8 డెసిబెల్. "ఈ డాక్‌తో బేస్ బాగుంది, ఆ డాక్‌తో గొంతు బాగుంది" అనే పోలికల్లో పెద్ద భాగం ఇదే. ఇయర్‌ఫోన్ ఇంపీడెన్స్‌లో ఎనిమిదో వంతు కన్నా అవుట్‌పుట్ ఇంపీడెన్స్ తక్కువుంటే చాలు. వెయ్యి రూపాయల మంచి డాంగిల్ ఈ పరీక్ష దాటేస్తుంది, ట్యూబుల హెడ్‌ఫోన్ ఆంప్ చాలాసార్లు దాటదు.

రెండోది పవర్. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌ని 1 వోల్టు డాంగిల్‌తో నడిపితే దొరికేది 3.3 మిల్లీవాట్లు. మామూలు పాటకు సరిపోతుంది. నెమ్మదిగా రికార్డ్ చేసిన వీణ కచేరీకి చాలదు. పైగా ఆపిల్ డాంగిల్ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పూర్తి వాల్యూమ్‌కి పోదు, ఫోన్ దాని లోపలి వాల్యూమ్‌ని తక్కువ దగ్గరే వదిలేస్తుంది. ఇది డాంగిల్ నాణ్యత లోపం కాదు, సాఫ్ట్‌వేర్ పేచీ. డాంగిల్‌తో నేరుగా మాట్లాడే ప్లేయర్ యాప్ వాడితే తీరుతుంది.

మూడోది ఇంటర్‌శాంపిల్ క్లిప్పింగ్. గట్టిగా మాస్టర్ చేసిన కొత్త సినిమా పాటల్లో అంకెలు పైకప్పును తాకుతూ ఉంటాయి. రెండు అంకెల మధ్య గీసే అసలు తరంగం ఆ కప్పును దాటి 3 డెసిబెల్ దాకా పోగలదు. డాక్ లోపలి లెక్కలో అంత చోటు లేకపోతే శిఖరం తెగి గరగర వస్తుంది. అమెరికా కంపెనీ బెంచ్‌మార్క్ తన డాక్3లో ఇందుకోసమే 3.5 డెసిబెల్ ఖాళీ వదిలింది. డబ్బుకు దక్కిన నిజమైన మేలు అది. ప్లేయర్‌లోని ప్రీఆంప్ సెట్టింగ్‌ని మైనస్ 4 డెసిబెల్ దగ్గర పెట్టుకుంటే ఏ డాక్‌కైనా అదే మేలు ఉచితంగా దక్కుతుంది.

ఇక మన ఇళ్లలో అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఎర్తింగ్. డెస్క్‌టాప్ ఒక ప్లగ్గులో, ఆంప్లిఫయర్ ఇంకో గోడ ప్లగ్గులో ఉండి, మధ్యలో యూఎస్‌బీ డాక్ ఉంటే ఎర్త్ తీగలు కలిసి వలయంగా మారి గ్రౌండ్ లూప్ ఏర్పడుతుంది. గుయ్‌మనే 50 హెర్ట్జ్ హమ్ వస్తుంది. మౌస్ కదిపినప్పుడో గేమ్ తెరిచినప్పుడో సన్నని కీచు మారుతుంటే అది గ్రాఫిక్స్ కార్డు కరెంటు గ్రౌండ్ తీగలోంచి పారుతున్న గుర్తు. "చవక డాక్ కదా, అందుకే" అని పదివేలు ఎక్కువ పెట్టి ఇంకోటి తెస్తారు. కీచు అలాగే ఉంటుంది.

కనిపెట్టడం తేలిక. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి. రొద పోతే డాక్ తప్పు కాదు. కంప్యూటర్, డాక్, ఆంప్ మూడూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదికి తెండి. అప్పటికీ ఉంటే డాక్‌కి యూఎస్‌బీ బదులు ఆప్టికల్ కేబుల్ వాడండి. అందులో పోయేది వెలుగు కాబట్టి విద్యుత్ సంబంధం తెగిపోతుంది. ఆప్టికల్ అవుట్ లేని కంప్యూటర్‌కి యూఎస్‌బీ ఐసొలేటర్ దొరుకుతుంది. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ విరిచేస్తే కూడా హమ్ పోతుంది, కానీ ఆంప్ లోపల ఏదైనా తెగి ఇనుప పెట్టెకు తగిలిన రోజు కరెంటు మీలోంచి పోతుంది. ఆ పని చేయొద్దు.

హైదరాబాద్‌కి దీంతో ప్రత్యేకమైన తంటా ఉంది. నేల కింద గ్రానైట్ రాయి, ఎర్త్ గుంత లోతుకు దిగదు. ఏప్రిల్, మే నెలల్లో గుంత ఎండిపోయి ఎర్తింగ్ పేరుకే మిగులుతుంది. ప్లగ్గులో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మల్టీమీటర్ పెట్టించి చూడండి. రెండు మూడు వోల్టుల లోపుంటే మంచిది, ఇరవై ముప్పై చూపిస్తే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి వైరింగ్, గుంత రెండూ చూపించాలి. సొంత ఇల్లయితే వేసవిలో ఎర్త్ గుంతలో వారానికోసారి బిందెడు నీళ్లు పోస్తే సాయపడుతుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో కరెంటు పోయినప్పుడు ఆంప్ ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంటుంది. దానికి మందు సైన్ వేవ్ ఇన్వర్టరే తప్ప డాక్ కాదు.

చవకలో మోసపోయే చోట్లు

ఇదంతా చదివి ఏ మూడు వందల పెట్టె అయినా ఒకటే అనుకోకూడదు. కోఠి గుజరాతీ గల్లీలో "అన్నా, టీవీకి హోమ్ థియేటర్ కలిపే డబ్బా ఇయ్యి" అంటే చేతిలో పెట్టే అగ్గిపెట్టెంత నల్ల డబ్బా కూడా డాక్. టీవీ ఆప్టికల్ అవుట్ నుంచి ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ తీగల్లోకి మార్చుతుంది. పని చేస్తుంది, కానీ దానికి అర్థమయ్యేది పీసీఎం (కుదించని మామూలు అంకెలు) ఒక్కటే. టీవీ డాల్బీ పంపితే మౌనం, లేదా చెవులు చిల్లులు పడే బరబర. టీవీ సౌండ్ సెట్టింగుల్లో డిజిటల్ అవుట్‌ని 'ఆటో' నుంచి 'పీసీఎం'కి మార్చాలి. ఆ ఒక్క మెట్టు తెలియక "డబ్బా ఖరాబైంది" అని వెనక్కి తెచ్చేవాళ్లు చాలామంది. ఇంకో పొరపాటు, ఆ డబ్బాకి కరెంటు టీవీ యూఎస్‌బీ పోర్టు నుంచే ఇవ్వడం. ఆప్టికల్ తెంపిన గ్రౌండ్ సంబంధాన్ని యూఎస్‌బీ తీగ మళ్లీ కలిపేస్తుంది, హమ్ వెనక్కి వస్తుంది. ఇంట్లో పడున్న మంచి మొబైల్ చార్జర్ విడిగా పెట్టండి. చాలా టీవీల్లో రిమోట్ వాల్యూమ్ ఆప్టికల్ మీద పని చేయదన్నది కూడా కొనకముందే తెలుసుకోవాలి.

అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో వంద, నూటయాభైకి దొరికే టైప్-సీ హెడ్‌ఫోన్ తీగల్లో కొన్నిటిలో డాక్ అసలు ఉండదు. రెండు వైర్లు, అంతే. ఫోనే లోపలి నుంచి అనలాగ్ ధ్వని పంపుతుందని వాటి నమ్మకం. అలా పంపని ఫోన్లో అవి మోగవు. ప్యాకెట్ మీద డాక్ చిప్ ఉందని రాసి ఉంటేనే తీసుకోవాలి. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు వాడేవాళ్లకు ఏ డాక్ కొన్నా దండగే. వాటి డాక్ వాటి లోపలే ఉంటుంది, ఫోన్ పంపేది అంకెలే.

ఇంట్లో పరీక్ష

కొనే ముందు, లేదా స్నేహితుడి పెట్టె రెండు రోజులు అరువు తెచ్చుకున్నప్పుడు, నిజం తేల్చుకోవచ్చు. పాత పసుపు రంగు చవక మల్టీమీటర్ పనికిరాదు. దాని ఏసీ రేంజి 200 వోల్టుల నుంచి మొదలవుతుంది, 0.1 వోల్టు కన్నా చిన్న తేడా చూపించదు. మిల్లీవోల్టులు చూపే ఆటోరేంజ్ మీటర్ కావాలి. చవక మీటర్లు 400 హెర్ట్జ్ దాటితే తప్పు చూపుతాయి కాబట్టి 200 హెర్ట్జ్ సైన్ టోన్ వాడండి. ఆ టోన్ ప్లే చేసి రెండు డాక్‌ల అవుట్‌పుట్‌నీ కొలవండి. ఎక్కువ ఇస్తున్న డాక్‌ని దాని సొంత వాల్యూమ్‌తో దించి ఒక శాతం లోపు తేండి. 1.000 వోల్టుకి ఎదురు 1.010 వస్తే తేడా 0.09 డెసిబెల్, అది చాలు. ఆ తర్వాత వాల్యూమ్ ముట్టుకోవద్దు. ఎడమ, కుడి రెండు చానళ్లూ కొలవాలి, ఒకటి కొలిచి వదిలేస్తే ధ్వని ఒక పక్కకు జరిగి ఏ డాక్ మోగుతోందో తెలిసిపోతుంది.

రెండు ఆర్‌సీఏ ఇన్‌పుట్‌లు, ఒక అవుట్‌పుట్ ఉన్న సెలెక్టర్ స్విచ్ కోఠిలో దొరుకుతుంది. ఒకే ప్లేయర్ నుంచి రెండు డాక్‌లకూ ఒకేసారి సిగ్నల్ వెళ్లాలి. ఒకదానికి ఆప్టికల్, ఇంకోదానికి కోయాక్సియల్ ఇస్తే సరిపోతుంది. కంప్యూటర్‌కి రెండు యూఎస్‌బీ డాక్‌లు తగిలిస్తే వాటి మధ్య కొన్ని మిల్లీసెకన్ల ఆలస్యం ఉండి, మార్చినప్పుడు పాట ఉలిక్కిపడుతుంది. ఆ ఉలికిపాటే జవాబు చెప్పేస్తుంది. స్విచ్ దగ్గర ఇంకొకరు కూర్చోవాలి, మీకు కనపడకుండా. ప్రతిసారీ రూపాయి బిళ్ల ఎగరేసి ఏది పెట్టాలో నిర్ణయించి, కాగితం మీద రాసుకోవాలి. పదహారు సార్లు. పన్నెండు, అంతకన్నా ఎక్కువ సరిగ్గా చెబితే అది గుడ్డిగా కుదిరే అవకాశం నూటికి నాలుగు కన్నా తక్కువ. పదిలో ఎనిమిది వస్తే సంబరపడొద్దు, గుడ్డి దెబ్బగా అది నూటికి ఐదారుసార్లు కుదురుతుంది. పాటలో పది సెకన్ల ముక్క ఎంచుకోండి: తంబూరా శ్రుతి నడుస్తున్న ఆలాపన, చప్పట్లు, మోర్సింగ్. పూర్తి పాటలు మార్చి మార్చి వింటే మొదటిది ఎలా ఉందో చెవికి గుర్తుండదు.

పన్నెండుకు చేరితే కారణం వెతకాలి: ఎన్‌ఓఎస్ మోడ్ ఉందా, క్లిప్పింగా, ఇంపీడెన్సా, హమ్మా.

మరి లక్ష ఎక్కడికి పోతుంది

అల్యూమినియం దిమ్మలోంచి చెక్కిన పెట్టెకి, బరువైన ట్రాన్స్‌ఫార్మర్‌కి, తెరకి, రిమోట్‌కి, డీలర్ మార్జిన్‌కి, ఏడాదికి కొన్ని వందలే అమ్మే వస్తువు డిజైన్ ఖర్చుకి. ఇవి తప్పేమీ కాదు. పదిహేనేళ్లు మన్నే స్విచ్‌లు, రిపేరు చేసిచ్చే కంపెనీ, నెట్‌వర్క్ స్ట్రీమింగ్, నాలుగు ఇన్‌పుట్‌లు కావాలంటే డబ్బు పెట్టాల్సిందే. ఫిల్మ్‌నగర్, కృష్ణానగర్ డబ్బింగ్, మిక్సింగ్ స్టూడియోల్లో లక్షల కన్వర్టర్లు కనిపిస్తాయి. అక్కడ కొనేది పదహారు చానళ్లు, అన్నిటికీ ఒకే గడియారం, కళాకారుడి హెడ్‌ఫోన్‌లోకి ఆలస్యం లేకుండా వచ్చే గొంతు, షెడ్యూల్ మధ్యలో డ్రైవర్ క్రాష్ కాకపోవడం. ఇంట్లో పాట వినేవాడికి ఇవేవీ అక్కర్లేదు.

ఫీచర్ కోసం అదనంగా పెట్టే ముందు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. ఎంక్యూఏ అనే ధ్వని ఫార్మాట్ ముద్ర ఉందని కొన్నేళ్లు డాక్‌లకు ఎక్కువ ధర కట్టారు. ఆ కంపెనీ 2023 ఏప్రిల్‌లో దివాలా బాట పట్టింది. 2024 జూలైలో పాటల స్ట్రీమింగ్ సర్వీస్ టైడల్ ఆ ఫార్మాట్‌ని వదిలేసి ఫ్లాక్ అనే ఇంకో ఫార్మాట్‌కి మారిపోయింది. డబ్బాల మీద ఆ లైటు ఇప్పుడు వెలగడానికి పెద్దగా పని లేదు.

స్పీకర్లతో వినేవాళ్లు ఎనిమిది నుంచి పదిహేను వేల మధ్య, 2 వోల్టుల ఆర్‌సీఏ అవుట్, యూఎస్‌బీ, ఆప్టికల్ రెండూ ఉన్న డాక్ తీసుకుని ఆ సంగతి వదిలేయొచ్చు. మిగిలిన డబ్బుకి పని గదిలో ఉంది. పదడుగులు బై పన్నెండడుగుల బెడ్‌రూమ్ 47, 56 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఆ స్వరాలు మిగతావాటి కన్నా 10 డెసిబెల్ పైగా లేవడం మామూలే. డాక్‌ల మధ్య ఉండే 0.1 డెసిబెల్ ముందు అది కొండ. నేల విట్రిఫైడ్ టైల్స్, గోడలు నున్నగా ఉంటే గొంతు చుట్టూ గణగణ కూడా తోడవుతుంది. యూఎస్‌బీ కొలత మైకు ఒకటి, ఆర్‌ఈడబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే ఈ కొండలన్నీ గ్రాఫ్‌లో కనిపిస్తాయి. మైకుని మీరు కూర్చునే చోట చెవి ఎత్తులో పెట్టి, ఫ్యాన్ ఆపి ఒకసారి కొలవండి. స్పీకర్లను గోడ నుంచి అడుగున్నర ముందుకు జరిపి, వాటికీ కుర్చీకీ మధ్య మందపాటి తివాచీ పరిచి మళ్లీ కొలవండి. రెండు గ్రాఫులూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే, గల్లీ గల్లీ తిరిగి మార్చిన మూడు డాక్‌లూ దించలేని కొండ ఎంత దిగిందో అంకెల్లో ఉంటుంది.